పాలు తగలని డబ్బా

కప్పు ఐస్‌క్రీమ్‌తో పాటు ఇచ్చే చెక్క చెంచా మీద నాకు చాలాకాలంగా ఒక ఫిర్యాదు ఉంది. చెంచా అనడం మర్యాద కోసం. రెండు చివర్లా కాస్త వెడల్పుగా, నడుం దగ్గర సన్నగా ఉండే చెక్క ముక్క అది. దానికి గుంట ఉండదు. నోట్లో పెట్టుకుంటే పరీక్ష హాల్లో కొరికిన పెన్సిలు రుచి వస్తుంది. ఐస్‌క్రీమ్ గట్టిగా ఉన్నప్పుడు అది విరుగుతుంది, మెత్తబడ్డాక దాని మీద ఏదీ నిలవదు. ఈ రెంటికీ మధ్య అది పనికొచ్చేది ఓ అర నిమిషం. ఆ అర నిమిషం మనం పక్కవాడితో మాట్లాడుతూ ఉంటాం.

మా అమ్మాయికి మాత్రం అవంటే ప్రాణం. దానికి ఏడేళ్ళు వచ్చేసరికి పెన్సిలు డబ్బాలో పెన్సిళ్ళు రెండు, చెక్క చెంచాలు పద్నాలుగు ఉండేవి. ఒక్కటీ వాడింది కాదు. ఏ పెళ్ళికి వెళ్ళినా, ఏ ఓణీల ఫంక్షనుకి వెళ్ళినా, భోజనాల చివర ఐస్‌క్రీమ్ ట్రే వచ్చినప్పుడు మేం కప్పు వెనక్కిచ్చేసి చెంచా దాని చేతిలో పెట్టేవాళ్ళం. పిల్లకి పాలు పడవు.

పడకపోవడమంటే అరక్కపోవడం కాదు. ఒక్క చుక్క లోపలికి పోయినా పెదాలు ఉబ్బేవి, ఒళ్ళంతా దద్దుర్లు లేచేవి, ఆ తర్వాత ఊపిరి కష్టమయ్యేది. గుంటూరు డాక్టరుగారు తినకూడనివన్నీ ఒక కాగితం మీద రాసిచ్చారు. పాలు, పెరుగు, మజ్జిగ, మీగడ, వెన్న, నెయ్యి, కోవా. అది చదివి మా ఆవిడ, "ఇది మా అమ్మ గురించి రాసినట్టే ఉంది," అంది.

నిజమే. మా అత్తగారిది దర్శి. మూడు గేదెలు, ఒక పడ్డ, వాటి చుట్టూ ఆవిడ. చుట్టుపక్కల ఆవిడ పాలంటే నీళ్ళు కలపని పాలని పేరు. ఇంటికి ఎవరొచ్చినా ముందు గ్లాసుడు మజ్జిగ, వెళ్ళేటప్పుడు చెంబుడు పెరుగు. కొత్త గిన్నె కొంటే అందులో మొదట పాలు కాచాలి, ఆ తర్వాతే ఇంకేదైనా. అలాంటి ఇంట్లో మొదటి మనవరాలికి పాలు పడవని చెబితే ఆవిడ నమ్మలేదు. "టవున్లో పేకెట్టు పాలు పట్టుంటారు. నా గేదె పాలు ఎందుకు పడవూ?" అన్నారు.

ఆ నమ్మకంతోనే ఒకసారి, పిల్లకి నాలుగేళ్ళప్పుడు, గోరుముద్దలో గోళీకాయంత వెన్న దాచి పెట్టారు. వెన్న పాలు కాదుగా అని ఆవిడ లెక్క. పావుగంటలో జీపు మాట్లాడుకుని ఒంగోలు పరిగెత్తాం. పిల్ల దక్కింది. అత్తగారు ఆసుపత్రి వరండాలో గోడకి ఆనుకుని కూర్చున్నారు. మేం ఎవ్వరం ఆవిడని ఒక్క మాట కూడా అనలేదు. అనివుంటే బాగుండేదేమోనని తర్వాత అనిపించింది.

అప్పట్నించీ పిల్ల ఆవిడ చేతి మీదుగా ఏమిచ్చినా ముందు ఒకటే అడిగేది. "అమ్మమ్మా, ఇందులో పాలున్నాయా?" ఇడ్లీ ఇచ్చినా, అరటిపండు ఇచ్చినా అదే ప్రశ్న. అరటిపండులో పాలెక్కడ్నించి వస్తాయని అత్తగారు ఎప్పుడూ విసుక్కోలేదు. "లేవు తల్లీ," అనేవారు. పిల్ల అప్పుడు వాళ్ళమ్మ వైపు చూసేది. వాళ్ళమ్మ తలూపితే గానీ నోట్లో పెట్టుకునేది కాదు. ఆ చూసే అర క్షణంలో అత్తగారు పైట చెంగు సర్దుకునేవారు. అక్కడ సర్దడానికి ఏమీ ఉండేది కాదు.

ఇలా ఉండగా మా బావమరిదికి పెళ్ళి కుదిరింది. మేలో పెళ్ళి అమ్మాయివాళ్ళ ఊళ్ళో, మర్నాడు దర్శిలో వ్రతం, మధ్యాహ్నం భోజనాలు. నిశ్చితార్థం నుంచి తిరిగొస్తుంటే బస్సులో పిల్ల పద్నాలుగో చెంచాని అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ అడిగింది.

"నాన్నా, మామయ్య పెళ్ళప్పుడు కూడా చెంచానేనా?"

నాకు అప్పటికప్పుడు ఏమైందో తెలీదు. "కాదు. దర్శిలో భోజనాలప్పుడు అందరితో పాటు బంతిలో కూర్చుని నువ్వూ ఐస్‌క్రీమ్ తింటావు. పాలు లేనిది. నేను చేస్తాను," అన్నాను.

మా ఆవిడ పక్క సీట్లోంచి నా వైపు చూసింది. పెళ్ళైన మగవాళ్ళకి ఆ చూపు పరిచయమే, విడిగా వర్ణించను. వారం తిరిగేసరికి పిల్ల ఈ సంగతి తన క్లాసుకీ, ఆటో అతనికీ, మేడ మీద ఇంటివాళ్ళకీ చెప్పేసింది. అమ్మమ్మకి మాత్రం చెప్పలేదు.

నేను జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. ఈ విషయం ఇప్పుడే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత చెబితే మీరు నమ్మరు.

మొదటి ప్రయత్నం కొబ్బరిపాలతో. చిక్కగా తీసి, పంచదార కలిపి, ఫ్రిజ్ పై అరలో పెట్టాను. మర్నాటికి గిన్నెలో రాయి తయారైంది. దాన్ని అట్లకాడతో కొడితే అట్లకాడ వంగింది. రెండోసారి ఎవరో చెప్పారని వేరుశనగపప్పు నానబెట్టి, రుబ్బి, పాలు పిండాను. అది బాగానే గడ్డకట్టింది. పిల్ల ఒక చెంచా తిని చాలా మర్యాదగా, "ఇడ్లీ ఏదీ?" అంది. మూడోసారి మామిడిపండు గుజ్జు కలిపాను. రంగూ వాసనా చూసి మా ఆవిడ కూడా మెచ్చుకుంది. కానీ ఆ రోజుల్లో వేసవి కరెంటు మూడు గంటలు ఉంటే రెండు గంటలు పోయేది. అది గడ్డకట్టడం, కరగడం, మళ్ళీ గడ్డకట్టడం, ఇలా రెండు రోజులు ఊగిసలాడి చివరికి పులిసింది.

ఏప్రిల్ అయిపోవచ్చింది. అప్పుడొచ్చింది నాకా ఆలోచన. గుంటూరు చుట్టూ ఉన్నవన్నీ కోల్డ్ స్టోరేజీలే. మిరపకాయల టిక్కీలు, అంటే తొక్కి కూరిన గోతాలు, వేలకి వేలు అందులో నెలల తరబడి చల్లగా పడుకుని ఉంటాయి. కరెంటు పోతే జనరేటరు ఉంటుంది. నాతో ఇంటర్ చదివిన మిత్రుడు అలాంటి ఒకదాంట్లో సూపర్‌వైజరు. కొబ్బరిపాలు, మామిడి గుజ్జు కలిపి నాలుగు గిన్నెల స్టీలు క్యారియరు నింపుకుని స్కూటరు మీద వెళ్ళాను.

"అన్నం తెచ్చావేంట్రా నాకు?" అన్నాడు.

సంగతి చెప్పాను. మొత్తం విని, నవ్వకుండా, "మా పిల్లకైతే నేనూ ఇదే పని చేసేవాణ్ణి. పద," అని నన్ను లోపలికి తీసుకెళ్ళాడు. ఎక్కడ చూసినా ఎర్ర గోతాలు, గాలి నిండా ఘాటు. క్యారియరుని రెండు టిక్కీల మధ్య భద్రంగా పెట్టాం. అలా పెడుతూ చెరో ఏడెనిమిది తుమ్ములు తుమ్మాం. మర్నాడు కాలేజీ అయ్యాక వెళ్ళాను. మూత తీస్తే లోపల నీళ్ళ కంటే పల్చగా, చల్లగా, బహుశా నన్ను చూసి నవ్వుతూ కనిపించింది.

"ఏంట్రా, గడ్డ కట్టలేదు?" అన్నాను.

"గడ్డ ఎందుకు కడద్ది? మిరపకాయ గడ్డకడితే పాడైపోదూ? ఇక్కడ నాలుగు డిగ్రీల కిందకి పోనివ్వం." క్యారియరు వైపోసారి, నా వైపోసారి చూశాడు. "ఏరా, నీళ్ళు ఎన్ని డిగ్రీలకి గడ్డకడతాయి?"

"సున్నా."

"మరి నిన్న చెప్పవే?"

"నిన్న నువ్వు చెప్పవే, నాలుగు డిగ్రీలని?"

"నువ్వు కెమిస్ట్రీ మేష్టరువి కదా, ఏదో లెక్క ఉండే ఉంటదనుకున్నా."

ఇంటికి తెచ్చిన క్యారియరులోంచి పిల్ల ఒక వేలు ముంచి నాకింది. "కారంగా ఉంది నాన్నా," అంది. ఏడవలేదు. పెన్సిలు డబ్బా తీసి చెంచాలు లెక్కపెట్టుకుని మళ్ళీ మూసింది. దానికంటే ఏడ్చినా బాగుండేది.

పెళ్ళికి నాలుగు రోజుల ముందు దర్శి చేరాం. ఇల్లంతా చుట్టాలు, పందిరి గుంజలు, సున్నం వాసన. వసారాలో కూర్చుని నేను ఓడిపోయిన కథంతా మా ఆవిడ వాళ్ళమ్మకి చెప్పేసింది. కోల్డ్ స్టోరేజీ దాకా వచ్చేసరికి నేను కాఫీ గ్లాసులో ఏదో పడినట్టు లోపలికి చూడటం మొదలుపెట్టాను. అత్తగారు చింతపండు పిక్కలు తీస్తూ మధ్యలో నవ్వలేదు. అంతా విని ఒక్కటే అడిగారు.

"ఐసులో ఉప్పెయ్యలేదా అల్లుడుగారూ?"

"ఉప్పా అత్తయ్యా?"

"మా పుట్టింటి కాడ, సింగరాయకొండ అవతల, చేపలోళ్ళు ఐసు మీద కళ్ళుప్పు జల్లేవాళ్ళు. చిన్నప్పుడు ఆ ఐసులో చెయ్యిపెట్టా. వేళ్ళు కొయ్యబారిపోయినయ్. ఉత్త ఐసు అంత చల్లన ఉండదు."

ఉప్పు కలిపితే మంచు సున్నా కంటే ఎంతో కిందికి చల్లబడుతుంది. దీన్ని ఘనీభవన స్థాన నిమ్నత అంటారు. ఏటా నేను బోర్డు మీద రాసి, కింద రెండు గీతలు గీసి, నాలుగు మార్కులకి తప్పకుండా వస్తుందని పిల్లలకి చెబుతాను. వస్తుంది కూడా. నాకే రాలేదు.

మరుక్షణం నుంచి ఆ పని ఆవిడదైపోయింది. కొడుకు పెళ్ళి పెట్టుకుని, వంటవాళ్ళకి సామాన్లు తూచి ఇస్తూ, చీరలు పంచుతూ, మధ్యమధ్యలో నన్ను పిలిచి ప్రశ్నలు వేసేవారు. కొబ్బరిపాలు నీళ్ళగా ఉంటే రాయి కాక ఏమవుతుంది, వడియాలకి కాచినట్టు సగ్గుబియ్యం జావ కాచి, వడగట్టి కలపాలన్నారు. డబ్బా ఊరకే పెడితే లాభం లేదు, కవ్వం తిప్పినట్టు తిప్పుతూ ఉండాలన్నారు. ఇవన్నీ ఆవిడకి ఎవరు చెప్పారని అడిగితే, "చల్ల చిలికిన చెయ్యికి తెలవదా?" అన్నారు.

ఇక అసలు చిక్కు గిన్నె. ఆ ఇంట్లో పాలు తగలని గిన్నె లేదు. ఎంత తోమినా ఆవిడకి నమ్మకం కుదరలేదు. కొత్త కోడలి కోసం కొని పెట్టిన సామాన్లలోంచి పొడుగాటి స్టీలు డబ్బా ఒకటి, స్టిక్కరు కూడా తియ్యనిది, బయటికి తీశారు. చూసిన వాళ్ళొకరు, "కొత్త డబ్బా, ముందు చుక్క పాలు కాచి తియ్యవే, శుభం," అన్నారు. ముప్ఫై ఏళ్ళుగా ఆ మాట ఇంటింటికీ చెప్పింది ఈవిడే. ఈవిడ డబ్బాని చంకలో పెట్టుకుని, "దీనికి శుభం అక్కర్లా," అని వెళ్ళిపోయారు.

వ్రతం రోజు తెల్లవారాక గేదెల్ని పాలేరుకి అప్పజెప్పారు. నాకు తెలిసి ఆవిడ ఇంట్లో ఉండి కూడా చెయ్యి పడకుండా ఆ గేదెలు పాలివ్వడం అదే మొదలు. తలస్నానం చేసి, ఉతికి విడిగా ఆరేసిన చీర కట్టుకుని, పత్తి నిలవ వేసే కొట్టుగది కడిగించి అందులో కూర్చున్నారు. వేసవి కదా, గది ఖాళీ, గోడలు చల్లగా ఉన్నాయి. గుమ్మంలో ఒక చీపురు అడ్డం పెట్టారు. కాఫీ గ్లాసుతో వచ్చిన నన్ను చూసి, "అక్కడే ఆగండి. పాలు ముట్టుకున్నోళ్ళు లోపలికి రావద్దు," అన్నారు. దేవుడి ముందు ఎప్పుడూ మడి పట్టించుకోని మనిషి. వ్యవసాయం చేసుకునే వాళ్ళకి మడేంటని పురోహితుడితోనే వాదించిన మనిషి. ఆ రోజు పాలకి మడి కట్టుకున్నారు.

నేను కాఫీ పారబోసి, చేతులు కడుక్కుని, నోరు పుక్కిలించి లోపలికి వెళ్ళాను. కూల్‌డ్రింకుల కోసం ఊకలో కప్పి తెచ్చిన ఐసు దిమ్మలో సగం అప్పటికే గోనెపట్టాలో వేసి బండతో చితక్కొట్టి ఉంది. పెద్ద ప్లాస్టిక్ బకెట్టు అడుగున ఐసు, దాని మీద గుప్పెడు ఉప్పు, మళ్ళీ ఐసు, మళ్ళీ ఉప్పు. నడిమధ్యన డబ్బా. పెళ్ళికి తరలే ముందు చేసి చూసిన మొదటి వాయిలో ఉప్పునీళ్ళు మూత సందులోంచి దూరి కన్నీళ్ళ రుచి వచ్చింది కాబట్టి, ఈసారి మూతకి చపాతీపిండి మెత్తి, పైన గుడ్డ కట్టారు.

ఆవిడ డబ్బా పట్టుకుని తిప్పడం మొదలుపెట్టారు. ఇటు అర తిప్పు, అటు అర తిప్పు. కవ్వం తాడు లాగే లయ అది, తాడొక్కటే లేదు. పది నిమిషాలకోసారి బకెట్టులోంచి డబ్బాని పైకెత్తి తుడిచి, మూత ఊడదీసి, అంచులకి అంటుకున్నదాన్ని గరిటెతో గీకి మధ్యకి తోసి, మళ్ళీ పిండి మెత్తి తిప్పేవారు. నేను తిప్పుతానంటే కాసేపు ఇచ్చారు. వేళ్ళు చచ్చుబడి, "అత్తయ్యా, ఇంకెంతసేపు?" అన్నాను.

"వెన్న పడేదాకా," అనేసి, నాలిక్కరుచుకున్నారు. గుప్పెడు ఉప్పు తీసి ఐసు మీద చల్లారు. ఆ తర్వాత ఆవిడ డబ్బా వైపే చూస్తూ నెమ్మదిగా, "గోళీకాయంతే పెట్టా బాబూ ఆ రోజు," అన్నారు.

మూడేళ్ళ తర్వాత మా ఇద్దరి మధ్యా ఆ మాట రావడం అదే మొదటిసారి. నేను డబ్బా ఇంకాస్త జోరుగా తిప్పాను. చెప్పడానికి చాలా ఉంది. ఆసుపత్రి వరండాలో ఆవిడ పక్కన వెళ్ళి కూర్చోనందుకు క్షమించమనాలి, ఇప్పుడీ కొట్టుగదిలో కూర్చున్నందుకు కృతజ్ఞతలు చెప్పాలి. మా వైపు థాంక్స్ అని ఇంట్లో వాళ్ళకి చెబితే ఒళ్ళు వెచ్చగా ఉందేమోనని నుదురు పట్టుకు చూస్తారు. అందుకని, "అంచులు గీకే టైమయ్యింది అత్తయ్యా," అన్నాను. ఆవిడ మూత తీశారు. లోపల మామిడిపండు రంగులో, నున్నగా, గరిటె వేస్తే నిలబడేంత గట్టిగా ఐస్‌క్రీమ్ ఉంది. ఇద్దరం కొంచెంసేపు దాన్ని చూస్తూ కూర్చున్నాం. ఎవరం రుచి చూడలేదు. మొదటి ముద్ద మాది కాదని చెప్పుకోకుండానే తెలిసింది.

మధ్యాహ్నం రెండో బంతిలో పిల్లల వరస. మా అమ్మాయి చివర కూర్చుంది, పక్కనే పెన్సిలు డబ్బా. పెరుగన్నం అయ్యాక కప్పుల ట్రే బయల్దేరింది. దాని దగ్గరకి వచ్చేసరికి అలవాటుగా చెంచా ఒకటి తీసుకుని కప్పు వెనక్కిచ్చేసింది. పదిహేను. తర్వాత నా వైపు చూసింది. నేను వీధి గుమ్మం వైపు చూశాను.

అత్తగారు వచ్చారు. కొత్త పట్టుచీర పెట్టెలోనే ఉంది, పొద్దుటి నేతచీరే ఒంటి మీద. మోచేతుల దాకా చేతులు ఐసుకి ఎర్రబడి ఉన్నాయి. పిల్ల ముందు కూలబడి డబ్బా మూత తీసి, గరిటెడు తీసి దాని ఆకులో వేశారు. వేసి, ఆ ప్రశ్న కోసం ఆగారు. జవాబు ఆవిడ పెదాల మీద సిద్ధంగా ఉండటం నాకు కనిపిస్తూనే ఉంది. మా ఆవిడ తలూపడానికి వడ్డించే బకెట్టు కింద పెట్టి నిలబడింది.

పిల్ల ఎవరి వైపూ చూడలేదు. అమ్మమ్మ చేతుల వైపు చూసింది. ఒక వేలితో ఆ ఎర్రటి చెయ్యిని తాకి, "ఇంత చల్లగా ఉన్నావేంటి?" అంది. పెన్సిలు డబ్బా తెరిచి, చెంచా ఒకటి తీసి, తినడం మొదలుపెట్టింది.

అత్తగారి చెయ్యి పైట చెంగు దాకా వెళ్ళి, ఏమీ సర్దకుండా కిందికి వచ్చేసింది.

రెండో చెంచాకి పక్కపిల్ల అడిగింది. మూడో చెంచాకి వరసంతా లేచి వచ్చింది. మా అమ్మాయి తన పదిహేను చెంచాల్లోంచి ఒక్కొక్కటీ తీసి పంచింది. కప్పుల ఐస్‌క్రీములు ఆకుల పక్కన కరిగిపోతున్నాయి. ఆ రోజు ఎన్ని విరిగాయో నేను చూడలేదు. చెంచా గుంట గురించి ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. కోల్డ్ స్టోరేజీ మిత్రుడు కూడా గుంటూరు నుంచి వచ్చాడు, అడుగున మిగిలింది గరిటెతో గీక్కుని తిని, "కారం లేదే," అన్నాడు.

అప్పటికి అత్తగారి చిన్న తోటికోడలు పెద్దవాళ్ళ బంతిలోంచి లేచి, చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. డబ్బాలోకి ఒకసారి తొంగిచూసి, ఇంకా చెంచా నాకుతున్న మా పిల్లని చూసి, అందరికీ వినబడేలా నిట్టూర్చింది.

"పాపం, బంగారంలాంటి పిల్ల. ఐసుక్రీము పడదంటగా అక్కా దీనికి?"

"ఎందుకు పడదే? లక్షణంగా పడుద్ది," అన్నారు మా అత్తగారు, ఖాళీ డబ్బాకి మూత పెడుతూ. "నీకే మిగల్లా."